బియ్యం డబ్బాలో ముక్కు

ఎల్డర్‌బ్రూక్, ఒహాయో
మార్చి 9

పూజ్యులైన వదినగారికి,

ముందుగా నా చేతిరాతను, తప్పులను మన్నించాలి. ఏడో తరగతితో బడి మానేసిన చెయ్యి ఇది. పెళ్ళయ్యాక సరుకుల చీటీ తప్ప ఏమీ రాయలేదు. ఒత్తులు ఉండాల్సిన చోట లేకపోతే మీరే పెట్టుకుని చదువుకోండి.

మీ పాదాలకు ఇక్కడి నుంచే దండం. ఇక్కడ మేమిద్దరం, కాలేజీ ఆవరణలోని పదకొండు బొమ్మలు క్షేమం, ఒకాయన ముక్కు తప్ప. ఆ ముక్కు గురించే ఈ ఉత్తరం.

ఫోన్ చేయొచ్చు కదా అంటారు. కాలేజీ వాళ్ళు మాకిచ్చింది పనిముట్ల షెడ్డు మీద ఒక్క గది. నేను ఎంత మెల్లగా మాట్లాడినా మీ తమ్ముడికి వినబడుతుంది. మెసేజ్ పెడదామంటే, మీ ఫోన్‌కి వచ్చినవన్నీ మీ అబ్బాయి కౌశిక్ కారు అందరి ముందూ పైకి చదువుతుందని మీరే చెప్పారు. అందుకని స్టాంపు కొన్నాను.

అల్ఫారెట్టా గుడిలో మీ తమ్ముడు చెక్కిన స్తంభాలు చూసి ఈ కాలేజీ వాళ్ళు ఆయన్ని పిలిపించుకున్నారు కదా. కాలేజీ పెట్టి నూట యాభై ఏళ్ళు నిండుతున్నాయట. ఏప్రిల్ 25న పండగ. ఈలోపు ఆవరణలోని బొమ్మలన్నిటి చరిత్ర సరిచూసి రాయించాలి, దెబ్బలు తగిలిన వాటిని బాగుచేయాలి. ఇదీ ఆయన పని. కాగితాలన్నీ ఇంగ్లీషులో ఉంటాయి. డీన్ ఆఫీసులో పార్ట్ టైం చేసే సాయి ప్రియ అని వరంగల్ అమ్మాయి చదివి చెబుతుంది. ఆ అమ్మాయి లేకపోతే మొదటి వారమే పెద్ద పొరపాటు జరిగేది. లైబ్రరీ ముందు ఎర్ర రంగు ఇనప కడ్డీలు మెలికలు తిరిగి ఉంటే, ఏదో కట్టడం కూల్చగా మిగిలిందనుకుని మీ తమ్ముడు కోయడానికి రంపం తెచ్చారు. "అన్నా, అది ఆర్ట్ అన్నా. ముట్టకు" అని చేతులడ్డం పెట్టింది.

అసలు చిక్కు కాలేజీ పెట్టిన ఎజ్రా పెద్దాయనతో వచ్చింది. ఆయనది సున్నపురాయి బొమ్మ, మనిషెత్తు పీఠం మీద నిలబడి ఉంటాడు. 1934లో పక్క ఊరి కాలేజీ వాళ్ళు ఆటలో గెలిచిన సంబరంలో వచ్చి ముక్కు పగలగొట్టారట. తర్వాత ఇప్పటిదాకా మూడు ముక్కులు పెట్టారు. ప్లాస్టరు ముక్కు వానకి కరిగింది. సిమెంటు ముక్కు మంచుకి పగిలింది. మూడోదాన్ని ఎవరో పిల్లలు హాస్టల్‌కి పట్టుకుపోయారు. ఇదంతా విని మీ తమ్ముడు పని ఆపేశారు. "భిన్నమైన బొమ్మను నీళ్ళలో కలిపి కొత్తది చెక్కాల. అతుకు పెట్టేది మా ఇంటా వంటా లేదు" అన్నారు. సాయి ప్రియ దాన్ని ఇంగ్లీషులో చెబితే డీన్ డోనా గారు తల ఊపి "ఇంట్రెస్టింగ్" అన్నారు. ఒప్పుకున్నారనుకుని మీ తమ్ముడు కర్ర తీసుకెళ్ళి కాలేజీ చెరువు లోతు కొలిచి వచ్చారు. సాయి ప్రియ లబోదిబోమంది. "అన్నా, ఈడ ఇంట్రెస్టింగ్ అంటే ఒద్దు అన్నట్టు" అని.

ఇప్పుడు డోనా గారు కాగితం పంపారు. పండగ నాటికి ఎజ్రా గారికి ముక్కు ఉంటే రెండో ఏడాదికి కూడా మమ్మల్ని ఉంచుకుంటారు. లేకపోతే ఇంతటితో సరి, ఆళ్ళగడ్డకి టికెట్టు. మీ తమ్ముడు "పోదాం" అంటున్నారు. నాకు పోవాలని లేదు వదినా. ఎందుకో చివర రాస్తాను.

నాకో మాట తోచింది. మన ఇళ్ళలో బొమ్మకి కళ్ళు తెరిచేదాకా అది రాయే కదా. ఎజ్రా గారి కళ్ళు ఉత్త గుడ్లు, పాపలు గీయలేదు. ఇక్కడి పాత బొమ్మలు చాలావాటికి అంతేనట. కళ్ళు తెరవలేదంటే పని ఇంకా మధ్యలో ఉన్నట్టే. మధ్యలో ఉన్న పని భిన్నం ఎలా అవుతుంది? ముక్కు పెట్టుకోవచ్చు, దోషం లేదు. ఆరేళ్ళ కాపురంలో పని గురించి ఆయనతో ఒక్క మాట కూడా అనలేదు, నాకు నోరు పెగలదు. మీరు ఆరుగురిలో పెద్దవారు, మీ మాట అంటే ఆయనకి గురి. మీకే తోచినట్టు చెప్పండి.

చదివిన వెంటనే ఈ ఉత్తరం కాల్చేయండి.

మీ మరదలు
గిరిజ

తా.క. ముక్కు తయారుగా ఉంది. నేనే చెక్కాను. మన ఇంట్లో ఆడవాళ్ళు రాయి రుద్ది నునుపు చేయాలే కానీ ఉలి ముట్టకూడదని మామయ్యగారి కట్టు, తెలుసు. కానీ ఇక్కడి రాయి సబ్బులా తెగుతుంది వదినా, చెయ్యి ఊరుకోలేదు. తొమ్మిది ముక్కులు పాడయ్యాయి, పదోది కుదిరింది. పాత చీర పీలికలో చుట్టి బియ్యం డబ్బా అడుగున పెట్టాను. ఉండిపోవాలని ఎందుకు ఉందో ఇప్పుడు తెలిసిందిగా.


అల్ఫారెట్టా
మార్చి 16

చిరంజీవి గిరిజకి,

మీ వదిన జ్ఞానప్రసూన దీవెనలు. ఇక్కడ అందరం బాగున్నాం, వంటింటి గోడ మీది పొగ గంట తప్ప.

వెంటనే కాల్చమన్నావు కదా, స్టవ్ వెలిగించి కాల్చాను. కాగితం మంచిది వాడావు, బాగా మండింది. ఆ గంట మొదలుపెట్టింది చూడు, పది పెళ్ళిళ్ళ సన్నాయి ఒక్కసారి ఊదినట్టు. భవిత పైన ఆఫీస్ మీటింగ్‌లో ఉంది, చెవులకి తగిలించుకున్నదాంతో అలాగే కిందికి దిగి వచ్చింది. "అత్తయ్యా, ఏం బర్న్ చేస్తున్నారు?" అంది. "అప్పడం" అన్నాను. ఈలోపు ఎర్ర బండి వచ్చింది. గొడ్డళ్ళు పట్టుకుని నలుగురు దిగారు. అందులో ఒకతను సింకులోంచి కాలని ముక్క తీసి అటూ ఇటూ తిప్పి చూశాడు. తెలుగు కాబట్టి బతికిపోయావు.

ఈ గొడవలో సగం మర్చిపోయాను. అయినా ముఖ్యమైంది గుర్తుంది, ఆ పెద్దాయనకి కళ్ళు తెరవలేదని. వెంటనే వెంకటస్వామికి ఫోన్ కలిపాను. "ఏరా స్వామీ, కళ్ళు లేనోడికి ముక్కు ఎందుకురా? ముందు ఆయనకి కళ్ళు తెరువు" అన్నాను. వాడు "అక్కా, నాకు తట్టనే లేదు" అన్నాడు. గొంతులో ఎంత సంతోషమో. నువ్వు అడిగింది ఇదే కదా. అయిపోయింది, నిశ్చింతగా ఉండు.

దీవెనలతో
వదిన

తా.క. బియ్యం డబ్బాలో ఏదో దాచానని రాశావు. గొలుసా, గాజులా? బియ్యంలో బంగారం పెట్టకు. బ్యాంకులో లాకర్ తీసుకో.

ఇంకో తా.క. "నానమ్మా, లెటర్స్ బర్న్ చేస్తే నువ్వు స్పై ఆ?" అని అనిక అడిగింది. అవునన్నాను. ఆరోజు నుంచి హోంవర్క్ చేయమంటే మారుమాట్లాడకుండా చేస్తోంది.


ఎల్డర్‌బ్రూక్
మార్చి 24

పూజ్యులైన వదినగారికి,

దండాలు. కంగారులో రాస్తున్నాను, అక్షరాలు ఇంకా వంకరగా ఉంటాయి, ఏమనుకోకండి.

మీ ఫోన్ వచ్చిన దగ్గర నుంచి మీ తమ్ముడు ఎజ్రా గారికి కళ్ళు తెరిచే ఏర్పాట్లలో ఉన్నారు. ముక్కు మాట ఎత్తితే "అక్క చెప్పింది విన్నావు కదా, ముందు కళ్ళు" అంటున్నారు. పంచాంగం చూసి పండగ రోజే ముహూర్తం పెట్టారు. కళ్ళు తెరిచాక ఎజ్రా గారు మొదట చూడడానికి అద్దం కావాలి, దూడతో ఉన్న ఆవు కావాలి, పాపలు గీయడానికి బంగారు సూది కావాలి. ఇవన్నీ కావాలని డోనా గారి దగ్గరికి వెళ్ళి అడిగారు. నేను షెడ్డు కిటికీలోంచి చూస్తూ ఉన్నాను. సాయి ప్రియ చెబుతుంటే ఆవిడ కళ్ళజోడు తీసి తుడుచుకున్నారు, మళ్ళీ పెట్టుకున్నారు.

"ఏమన్నారు?" అని సాయి ప్రియని తర్వాత అడిగాను.

"వెరీ ఇంట్రెస్టింగ్ అన్నరు వదినా" అంది.

"అంటే?"

"అంటే అస్సలు ఒద్దు అని. కానీ అన్న అప్పటికే పశువుల డిపార్ట్‌మెంట్‌కి పోయిండు."

ఈ కాలేజీలో పశువుల చదువు కూడా ఉంది. అక్కడి వాళ్ళకి ఆవు పేరెత్తితే చాలు. దూడ ఉన్న ఆవు ఉందని, పండగకి ముస్తాబు చేసి తెస్తామని కాగితం కూడా రాసి ఇచ్చారు. మీ తమ్ముడు ఆ కాగితాన్ని దేవుడి పటం వెనక పెట్టుకున్నారు.

వదినా, ఒకసారి కళ్ళు తెరిస్తే పని పూర్తయినట్టే. పూర్తయిన బొమ్మకి ముక్కు లేకపోతే అప్పుడు నిజంగానే భిన్నం. ఇక ఆయన జన్మలో ముక్కు పెట్టరు, మేం టికెట్టు తీసుకోవాలి. దయచేసి మళ్ళీ ఫోన్ చేయండి. కళ్ళు తెరవొద్దని, తెరవలేదు కాబట్టే ముక్కు పెట్టొచ్చని చెప్పండి.

బియ్యం డబ్బాలో ఉన్నది బంగారం కాదు. నేను చెక్కిన ముక్కు. ఎజ్రా గారి కోసం చెక్కిన ముక్కు.

ఈసారి రెండుసార్లు చదివాకే కాల్చండి. వంటింట్లో వద్దు.

మీ మరదలు
గిరిజ

తా.క. ఆవు పేరు డచెస్ అట. దూడకి ఇంకా పేరు పెట్టలేదు. మీ తమ్ముడు రోజూ వెళ్ళి దూడకి అద్దం చూపించి అలవాటు చేస్తున్నారు. నిన్న అది అద్దాన్ని నాకింది.


అల్ఫారెట్టా
ఏప్రిల్ 1

చిరంజీవి గిరిజకి,

దీవెనలు. నువ్వు కంగారు పడకు, నేను ఉన్నాను.

వంటింట్లో వద్దన్నావు కాబట్టి పెరట్లో మాంసం కాల్చుకునే గ్రిల్ ఉంటే దాని దగ్గరికి వెళ్ళాను. రెండుసార్లు చదవమన్నావు, మొదటి పేజీ రెండుసార్లు చదివాను. రెండో పేజీ మొదలుపెట్టేలోపు గాలి వచ్చి ఎత్తుకుపోయి పక్కింటి అవినాష్ వాళ్ళ స్విమ్మింగ్ పూల్‌లో పడేసింది. కంచె మీంచి వంగి చూశాను. తేలుతూ తిరుగుతోంది. నీ సిరా మంచిది కాదమ్మా, అన్నీ చెరిగిపోయి మూడు మాటలే కనబడ్డాయి. "బియ్యం డబ్బా", "ఎజ్రా గారి", "ముక్కు".

అప్పుడు నాకు అంతా అర్థమైపోయింది. అంటే ఆ పెద్దాయన ముక్కు మీరే విరగ్గొట్టారు. నువ్వు దాన్ని బియ్యం డబ్బాలో దాచావు. పిచ్చిపిల్లా, ఇది అమెరికా. ఇక్కడ బొమ్మ ముక్కుకి కూడా లాయరు ఉంటాడు. ఆ డబ్బా మీద నీ వేలిముద్రలు ఉంటాయి. వెంటనే ఆ ముక్కు తీసి, వెంకటస్వామి లోతు కొలిచాడన్నావే ఆ చెరువులో వేసేయి. ఎవరు ఏ కాగితం తెచ్చినా సంతకం పెట్టకు. డోనా గారు ఎదురైతే నవ్వి ఇంట్రెస్టింగ్ అను.

వాడికి ఫోన్ చేశాను. ముక్కు సంగతి ఎత్తలేదు, ఫోన్‌లో అలాంటివి మాట్లాడకూడదు. ఆవు ఒక్కటే వస్తే చాలదు, దూడ తప్పనిసరి అని గట్టిగా చెప్పాను. ఆ సంగతి మొదటి పేజీలో చదివాను కదా.

ఇట్లు
అన్నీ చూసుకునే మీ వదిన

తా.క. మా కాలనీ కమిటీ వాళ్ళు నోటీసు పంపారు. పెరట్లో కాగితాలు తగలబెట్టిన మొదటి తప్పుకి హెచ్చరిక. రెండో తప్పుకి ఏమేం చేస్తారో కింద జాబితా ఇచ్చారు, చాలా ఉన్నాయి.

ఇంకో తా.క. ఆ పేజీని అవినాష్ వలతో తీసి ఆరబెట్టి తెచ్చి ఇచ్చాడు. మంచి పిల్లాడు. దాన్ని మింగేశాను. వేరే దారి లేదు.


ఎల్డర్‌బ్రూక్
ఏప్రిల్ 8

పూజ్యులైన వదినగారికి,

దండాలు. రాత గురించి ఇక క్షమాపణ అడగను, అంతకంటే పెద్ద తప్పు చేశాను.

ముక్కు మేం విరగ్గొట్టలేదు. అది తొంభై ఏళ్ళ కిందట పోయింది. నా దగ్గర ఉన్నది కొత్తది. నేను ఉలితో చెక్కినది. ఈ వాక్యం కింద గీత గీశాను చూడండి.

నేను దాన్ని చెరువులో వేయలేదు. రెండుసార్లు గట్టు దాకా వెళ్ళి వచ్చాను. మనసు రాలేదు. నిన్న ఆవుకి బియ్యం, బెల్లం కలిపి పెట్టాలని మీ తమ్ముడు డబ్బాలో చెయ్యి పెట్టారు. చీర పీలిక చేతికి తగిలింది. తీసి విప్పారు.

వేలితో ముక్కు దూలం మీద నిమిరారు. కిటికీ దగ్గరికి తీసుకెళ్ళి వెలుగులో తిప్పి చూశారు. "ఎవరు చెక్కినారు ఇది?" అని అడిగారు.

నేనే అని నాలుక చివర దాకా వచ్చింది. ఆయన మొహం చూస్తే భయమేసింది. "వదినగారు పార్సెల్ పంపారు. మామయ్యగారి చేతి పనట, వాళ్ళింట్లో ఉండిపోయిందట" అనేశాను. అబద్ధం ఎలా వచ్చిందో, అంత చక్కగా వచ్చింది.

ఆయన దాన్ని కళ్ళకి అద్దుకున్నారు వదినా. "నాయన చెయ్యి" అన్నారు. "నాయన పంపినాడంటే ఇంక నియమం ఏముంది? పెడతా" అన్నారు. అన్నం కూడా తినకుండా దాన్ని ముందర పెట్టుకుని కూర్చున్నారు. నేను కోరిందే జరిగింది. ఉద్యోగం ఉంటుంది. కానీ నా చేతి పనిని ఆయన కళ్ళకి అద్దుకుంటుంటే నాది అని చెప్పుకోలేక గోడ వైపు తిరిగి గిన్నెలు తోమాను. తోమినవే మళ్ళీ తోమాను.

ఆయన మీకు ఫోన్ చేస్తారు. "నేనే పంపాను, నాన్నదే" అని చెప్పండి. ఆ ఒక్క మాట చాలు.

ఆయన ఫోన్ చేశాకే ఈ ఉత్తరం కాల్చండి. మింగకండి, సిరాకి కడుపునొప్పి వస్తుంది.

మీ మరదలు
గిరిజ


అల్ఫారెట్టా
ఏప్రిల్ 14

గిరిజా,

వాడు శనివారం ఫోన్ చేశాడు. నీ ఉత్తరం సోమవారం వచ్చింది. ఇక చూసుకో.

"అక్కా, నాయన ముక్కు పంపినావంట" అన్నాడు. "నేనెక్కడ పంపానురా? మీరు విరగ్గొట్టిన ముక్కుని చెరువులో వేయమని నీ పెళ్ళానికి రాశాను, వేసిందా?" అన్నాను. వాడు టక్కున ఫోన్ పెట్టేశాడు.

నీ ఉత్తరం వచ్చాక కాల్చకుండా కూర్చుని మూడుసార్లు చదివాను. కాల్చకుండా చదివితే ఎన్ని సంగతులు తెలుస్తాయో. ముక్కు నువ్వు చెక్కావు. మొదటి ఉత్తరంలోనే రాసి ఉంటావు, నేను దాన్ని అప్పడం చేశాను.

నేనూ ఆ ఇంట్లో పుట్టినదాన్నే. పద్దెనిమిదేళ్ళు వచ్చేదాకా నాన్న చెక్కిన దేవతలందరి బుగ్గలూ నేనే రుద్దాను. ఒక్కసారి ఉలి పట్టుకుంటానని అడిగాను. "గాజులు పగులుతాయి" అన్నాడు. మళ్ళీ అడగలేదు. నువ్వు అడగకుండానే పట్టుకున్నావు, మంచి పని చేశావు.

ఇకమీదట నీ మాట నువ్వే చెప్పుకో. నేను చెబితే ఏమవుతుందో చూశావు కదా. ఒక ఆవు వచ్చింది, ఒక ముక్కు దొంగసొత్తు అయింది. ఇంకో ఫోన్ చేశానంటే మీ కాలేజీకి ఏనుగు వస్తుంది.

దీవెనలతో
వదిన

తా.క. ఆ పెద్దాయన ముక్కు ఎలా ఉండేదో ఎవరికీ తెలియదు కదా. మరి నువ్వు ఎవరిని చూసి చెక్కావు?


ఎల్డర్‌బ్రూక్
ఏప్రిల్ 27

పూజ్యులైన వదినగారికి,

దండాలు. పండగ అయిపోయింది. జరిగింది జరిగినట్టు రాస్తాను.

మీతో మాట్లాడిన రోజు మీ తమ్ముడు వచ్చి ముక్కుని బల్ల మీద పెట్టి ఎదురుగా కూర్చున్నారు.

"అక్క పంపలేదంట."

"లేదండి."

"నాయన చెక్కలేదు."

"లేదండి."

"నాయన చెక్కితే నునుపు ఇంత బాగా రాదు. ఆయనకి ఓపిక తక్కువ. రుద్దేది అమ్మ, అక్క" అన్నారు. ముక్కుని నా వైపు తిప్పి "నువ్వేనా?" అన్నారు.

తల ఊపాను. కోప్పడతారనుకున్నాను. టీ పెట్టమన్నారు. టీ తాగుతూ ఆలోచించి ఆలోచించి, చిక్కు విడిపోయినవాడిలా మొహం విప్పారు. "భిన్నమైన బొమ్మకి అతుకు పెట్టకూడదని శిల్పికి నియమం. నువ్వు శిల్పివి కాదు కదా. నువ్వు పెట్టేయి. నియమం నిలబడుతుంది, ఉద్యోగం నిలబడుతుంది" అన్నారు.

ఉద్యోగం నిలబడితే చాలని కదా మీకు ఇన్ని ఉత్తరాలు రాశాను. సరేనండి అనాల్సింది. కానీ నా నోట్లోంచి వేరే మాట వచ్చింది. "నేను శిల్పిని కాకపోతే అది ముక్కూ కాదు. ఇటివ్వండి, డబ్బాలో పెట్టేస్తాను" అన్నాను.

ఆయన గ్లాసు కింద పెట్టారు. నేను ముక్కుని పీలికలో చుట్టి డబ్బాలో పెట్టి పైన బియ్యం పోశాను. ఒక్క గింజ కూడా కింద పడలేదు.

రెండు రోజులు మా గదిలో మాటలు లేవు. మూడో రోజు సాయి ప్రియ వచ్చి "వదినా, డోనా మేడం అడుగుతున్నరు, ముక్కు ఉన్నదా లేదా?" అంది. "ఉంది. ఎవరు చెక్కారో మీ అన్న చెబితే బయటికి వస్తుంది" అన్నాను. ఆ అమ్మాయి మా ఇద్దరి వైపూ చూసి "ఇది చానా ఇంట్రెస్టింగ్‌గ ఉన్నది" అని వెళ్ళిపోయింది.

అప్పుడు నేనే చెప్పాను వదినా. ఆయన కళ్ళలోకి చూసి కాదు, బియ్యం డబ్బా వైపు చూసి. కళ్ళు తెరవని బొమ్మ ఇంకా పనిలో ఉన్నట్టేనని, పనిలో ఉన్నదానికి భిన్నం లేదని, మీరు చెక్కినా నేను చెక్కినా దోషం లేదని, కాబట్టి శిల్పి ఎవరనేది దాటేయడానికి నియమాన్ని అడ్డం పెట్టుకోనక్కర లేదని. ఒక్క ఊపిరిలో చెప్పేశాను.

"ఇది నీకెప్పుడు తట్టింది?"

"మార్చి మొదట్లో."

"మరి అక్క కళ్ళు తెరవమనిందే?"

"వదినగారికి చెప్పిందీ నేనే. ఆవిడకి సగమే గుర్తుంది."

ఆయన నవ్వడం మొదలుపెట్టారు. నవ్వి నవ్వి కళ్ళు తుడుచుకుని, "నెల దినాలుగా నా పెండ్లాము నాతో మాట్లాడాలని అల్ఫారెట్టా దాకా పోయి వచ్చిందా?" అన్నారు. లేచి తన సంచిలోంచి సన్న ఉలి తీశారు. "రా. అంచు నువ్వే సరిచెయ్యాల. నీ ముక్కు నీకే తెలుస్తుంది" అన్నారు. నాకిచ్చే ముందు పిడి తన చొక్కాకి తుడిచి ఇచ్చారు.

నిచ్చెన మీద ఇద్దరం నిలబడి పెట్టాం. లోపల స్టీలు పుల్ల, చుట్టూ సున్నం, రాతిపొడి. ఆయన పట్టుకున్నారు, నేను చెక్కాను. గాజులు పగలలేదు.

పండగ రోజు కళ్ళు తెరవలేదు కానీ ఆవు మాత్రం వచ్చేసింది, పశువుల వాళ్ళకి వద్దని చెప్పడం అందరం మర్చిపోయాం. కొమ్ములకి రిబ్బన్లు కట్టి తెచ్చారు. డోనా గారు ఉపన్యాసం చదువుతుంటే దూడ వెనక నుంచి వచ్చి కాగితం మూడో పేజీ తినేసింది. ఉపన్యాసం బాగా కుదిరిందని అందరూ అన్నారు.

తెర తీయగానే పిల్లలంతా ఒక్కసారిగా అరిచారు. నేను మీ తమ్ముడి వెనక దాక్కున్నాను. డోనా గారు దగ్గరికి వెళ్ళి తల ఎత్తి చాలాసేపు చూసి "ఐ లవ్ ఇట్" అన్నారు. ఎందుకైనా మంచిదని సాయి ప్రియని అడిగాను. అంటే అవును అనేనట. రెండో ఏడాది కాగితం మర్నాడే వచ్చింది. అందులో ఇద్దరి పేర్లు ఉన్నాయి. మెట్ల దగ్గరి రాతి అమ్మకి రెండు వేళ్ళు లేవు, అవి నా వంతు.

బొమ్మల చరిత్రలో కూడా ఎక్కించారు. 1934లో పోయిన ముక్కు, చెక్కినది గిరిజ అని. నా పేరు ఇంగ్లీషులో ఎన్ని అక్షరాలో లెక్కపెట్టుకున్నాను. ఆరు.

ఇంతకు మించి చెప్పడానికేమీ లేదు, తాజా కలం తప్ప.

మీ మరదలు
శిల్పి గిరిజ

తా.క. ఎవరిని చూసి చెక్కావని అడిగారు. చెబితే కోప్పడకండి. పెళ్ళయి వచ్చిన కొత్తలో మీ ఇంట్లో ఎనిమిది నెలలు ఉన్నాను కదా. మీ కళ్ళలోకి చూసి మాట్లాడాలంటే నాకు భయం. ఆ ఎనిమిది నెలలూ మీ ముక్కు చూసే మాట్లాడాను. నాకు కంఠతా వచ్చిన ముక్కు లోకంలో అదొక్కటే. తొమ్మిది ముక్కులు ఎజ్రా గారివి చెక్కబోయి పాడుచేశాను, పదోది మీది అనుకుని చెక్కితే కుదిరింది. మరీ కంఠతా రావడంతో ముక్కుపుడక బెజ్జం కూడా పెట్టేశాను. పిల్లలు అరిచింది అది చూసే. సాయంత్రానికి ఎవరో మెరిసే రాయి ఒకటి అందులో పెట్టారు, డోనా గారు తీయొద్దన్నారు. నమూనా ఎవరని చరిత్ర కాగితంలో ఒక గడి ఉంది. అబద్ధాలు మానేశాను కాబట్టి నిజమే రాయించాను: జ్ఞానప్రసూన, అల్ఫారెట్టా, జార్జియా. ఇప్పుడు పరీక్షలకి వెళ్ళే పిల్లలంతా పీఠం ఎక్కి ఆ ముక్కు ముట్టుకుని వెళుతున్నారు. పరీక్షలు మే 8 దాకా ఉన్నాయి. అప్పటిదాకా మీకు ఊరికే తుమ్ములు వస్తే మందులు వేసుకోకండి. భవిత చూడకముందే ఈ ఉత్తరం కాల్చేయండి.